స్వెత్లానాకు ఇంకో పేరు

“ఇంకోసారి చెప్పు. నీ పేరేంటి?”

వంటింట్లో స్టూలు మీద కూర్చున్న స్వెతా తల్లి ముఖంలోకి చూసింది. ఐదేళ్ల పిల్ల. కోటు ఇంకా విప్పలేదు. ఒక బూటు ఊడింది, రెండోది కాలికే ఉంది.

“స్వెత్లానా,” అంది చిన్నగా.

“మరి కిండర్‌గార్టెన్‌లో టీచరుకి ఏమని చెప్పావు?”

పిల్ల బామ్మ వైపు చూసింది. బామ్మ ఉస్తీన్యా తీఖనొవ్నా పొయ్యి ముందు నిలబడి క్యాబేజీ సూపు కలుపుతోంది. ఇటు తిరగలేదు.

“బామ్మనెందుకు చూస్తావు? నన్ను చూడు.”

“ఇవాళ నా పేరుకి పండగ, నా దేవదూత పండగ అని చెప్పాను. బామ్మ తేనె రొట్టె చేసిచ్చింది కదా, అందరికీ తలో ముక్కా పెట్టాను. ల్యోష్కాకి కూడా పెట్టాను, వాడు నన్ను గిల్లినా సరే.”

“తర్వాత?”

“స్వెత్లానాకి దేవదూత పండగేంటే అని టీచరు నవ్వింది. స్వెత్లానాకి కాదు, ఫొతీనియాకి అన్నాను. దేవుడి దగ్గర నా పేరు ఫొతీనియా అన్నాను.” పిల్ల మళ్లీ బామ్మ వైపు చూసింది. “అది ఎవరికీ చెప్పకూడదు. నేను మర్చిపోయి చెప్పేశాను. బామ్మని కొట్టకమ్మా.”

రిమ్మా వంగి కూతురి రెండో బూటు ఊడదీసింది. కోటు బొత్తాలు విప్పింది. ఒక్కో బొత్తామూ నెమ్మదిగా తీసింది.

“ఎవరూ ఎవర్నీ కొట్టరు. నీ తప్పేం లేదు. గదిలోకెళ్లి బొమ్మలు గీసుకో. తలుపు వేసుకో.”

తలుపు పడింది. వంటింట్లో ఇద్దరు ఆడవాళ్లు, సూపు ఉడికే చప్పుడు మిగిలాయి.

పెళ్లయిన దగ్గర్నుంచీ రిమ్మా అత్తగారిని ‘అమ్మా’ అనే పిలిచేది. ఇద్దరికీ పడని రోజున కూడా ఆ పిలుపు మారలేదు. ఆ సాయంత్రం మారింది.

“ఉస్తీన్యా తీఖనొవ్నా, ఎప్పుడు చేయించారు?”

గరిటె ఆగింది. పూర్తి పేరు ముసలావిడ చెవికి తగిలింది. నిదానంగా మంట తగ్గించి, ఏప్రన్‌కి చేతులు తుడుచుకుని, అప్పుడు కోడలి వైపు తిరిగింది.

“బాప్తిస్మమా?”

“ఇంకేమైనా కూడా చేయించారా?”

“పిల్ల చావుబతుకుల్లో ఉన్నప్పుడు చేయించాను. మూడేళ్ల కిందట, చలికాలంలో. ఒళ్లు పెనంలా కాలిపోతుంటే.”

“ఏ రోజు?”

ముసలావిడ గరిటె మళ్లీ అందుకుంది.

“ఏ రోజండీ? నేను దాని మంచం పక్కనుంచి కదిలింది ఒక్కరోజే. మన ఊళ్లో దొరకని మందు కోసం ఇవానొవో వెళ్లాను. బస్సు మంచులో కూరుకుపోతే దిగి నలుగురితో కలిసి తోశాను. ఆ రోజేనా?”

“ఆ రోజే.”

రిమ్మా స్టూలు మీద కూలబడింది. కూతురి ఒంటి వెచ్చదనం ఇంకా ఆ చెక్క మీద ఉంది.

“జ్వరంతో ఉన్న పిల్లని మంచులో ఎత్తుకెళ్లి, చన్నీళ్లలో ముంచారా?”

“గోరువెచ్చటి నీళ్లే. ఫాదరు ముంచలేదు, నెత్తిన చిలకరించాడంతే. నేనేం రాక్షసినా? నా మనవరాలు కాదా అది?”

“నా కూతురు!”

“నీ కూతురే. అందుకే దాని వెనకాల ఒక అండ ఉండాలనుకున్నాను.” ముసలావిడ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. “చూడమ్మాయ్, నువ్వు చదువుకున్నదానివి. స్కూల్లో చరిత్ర చెప్తావు, దేవుడు లేడని క్లబ్బుల్లో ఉపన్యాసాలిస్తావు. ఇవ్వు, వద్దన్నానా? కానీ స్వెత్లానా అనే పేరు చర్చి పంచాంగంలో ఎక్కడైనా ఉందా? ఏ పుణ్యాత్మురాలికైనా ఉందా? పూర్వం పద్యాలు రాసుకునే దొరలెవరో ‘వెలుగు’ అనే మాటకి తోక తగిలించి పుట్టించిన పేరది. ముందు పుస్తకంలో పిల్లకి పెట్టారు, తర్వాత యుద్ధం ఓడకి పెట్టారు. మా అమ్మ కాలంలో ఆ పేరు పట్టుకుని ఫాదరు దగ్గరికెళ్తే గుమ్మంలోంచే తిప్పి పంపేవాడు. చర్చిలకి తాళాలు పడ్డాకే కదా వీధికి పదిమంది స్వెత్లానాలు తయారయ్యారు?”

“పదిమందీ బాగానే ఉన్నారు. మా క్లాసుల్లో లెక్కలేనంత మంది. ఎవరికీ ఏమీ కాలేదు.”

“మీ చెల్లెలికి?”

ఆ మాట నోరు దాటగానే అనకూడనిది అన్నానని ముసలావిడకే తెలిసిపోయింది. వేళ్లతో మూతి మూసుకుంది. కానీ మాట గదిలో ఉండిపోయింది.

రిమ్మా చెల్లెలి పేరు కూడా స్వెత్లానాయే. యుద్ధం వచ్చిన ఏడు, ఊళ్లు ఖాళీ చేయించి జనాన్ని తూర్పుకు తరలించే రైల్లో, తల్లి ఒళ్లో జ్వరంతో పోయింది. ఏదో పేరు తెలియని స్టేషన్లో రైలు ఆగినప్పుడు పట్టాల పక్కన పాతిపెట్టారు. మంచుకి నేల గట్టిపడి పార దిగలేదని, సైనికులు సాయం పట్టారని తల్లి తర్వాత చెప్పేది. రిమ్మాకి ఆ చెల్లెలి ముఖం గుర్తులేదు. తల్లి ఆ పేరుని పిలిచే తీరు ఒక్కటే గుర్తుంది. “చీకట్లో పుట్టింది కదా, అందుకని వెలుగు అని పెట్టుకున్నాం,” అనేది తల్లి. తనకి ఆడపిల్ల పుట్టగానే ఇంకే పేరూ వెతకలేదు రిమ్మా. ప్రసూతి ఆసుపత్రి కిటికీలోంచి కింద నిలబడ్డ తల్లికి అరిచి చెప్పింది. మంచులో నిలబడి ఆ తల్లి చెప్పలేనంత ఏడ్చింది.

“అలా అనకుండా ఉండాల్సింది,” అంది ఉస్తీన్యా తీఖనొవ్నా.

“అన్నారుగా. పూర్తి చెయ్యండి.”

“పోయిన బిడ్డ పేరు, దానికి తోడు రక్షించేవాళ్లు లేని పేరు. రాత్రిళ్లు నాకు నిద్రపట్టేది కాదు. జ్వరం వచ్చినప్పుడు ఇక ఆగలేకపోయాను. ఫాదరు మంచాయన, నీ పేరేం తీసెయ్యలేదు. గ్రీకు మాటల్లో వెలుగుని ‘ఫోస్’ అంటారట. ఆ మాటలోంచే వచ్చింది ఫొతీనియా. బావి దగ్గర క్రీస్తుతో మాట్లాడిన సమరయ స్త్రీ పేరు. చలిజ్వరాలకి ఆవిడకే మొక్కుతారు. అర్థం అదే అమ్మాయ్, వెలుగే. నీ వెలుగుకి నేను దీపపు బుడ్డి పెట్టానంతే.”

“నన్ను అడక్కుండా పెట్టారు.”

“అడిగితే ఒప్పుకునేదానివా?”

“ఒప్పుకోను. అందుకేగా అడగాల్సింది!”

ముసలావిడది దాపరికం లేని నోరు. కోపం వచ్చినా, ఇష్టం లేకపోయినా మొహం మీదే అనే మనిషి. సూపులో ఉప్పెక్కువైందని అతిథుల ముందే అంటుంది. ఆవిడ నోటి దురుసుని భరించడం రిమ్మాకి కష్టమయ్యేది కానీ, ఆవిడ మాటని అనుమానించాల్సిన అవసరం ఇన్నేళ్లలో ఎప్పుడూ రాలేదు. అదే ఇప్పుడు ఎక్కువ బాధగా ఉంది.

అంతలో రిమ్మాకి ఒక సంగతి తట్టింది. ఆమె తల ఎత్తింది.

“తల్లీతండ్రీ ఇద్దరి గుర్తింపు పాస్‌పోర్టులూ చూపిస్తేగానీ చర్చిలో పిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు. నా పాస్‌పోర్టు బీరువాలో ఉండేది. తాళం మీ దగ్గర ఉండదు.”

ముసలావిడ పొయ్యి వైపు చూసింది.

“నా పాస్‌పోర్టు ఎవరిచ్చారు?”

బయట మెట్ల మీద అడుగుల చప్పుడు. తలుపు తెరుచుకుంది. వాదిమ్ లోపలికొచ్చాడు. చేతిలో కాగితంలో చుట్టిన, పొగబెట్టిన చేప. మిల్లులో షిఫ్టు మాస్టరు. వచ్చే నెల నేత విభాగానికి అధిపతిని చేస్తారని ఇంట్లో రోజూ అదే మాట.

“ఏంటి, పొయ్యి వెలుగుతోంది కానీ ఇంట్లో చలిగా ఉంది?” అన్నాడు నవ్వుతూ. ఎవరూ నవ్వలేదు. తల్లి ముఖం చూశాడు, భార్య ముఖం చూశాడు. చేపని బల్ల మీద పెట్టాడు.

“కిండర్‌గార్టెన్‌లో స్వెతా తన రెండో పేరు చెప్పింది,” అంది రిమ్మా. “టీచరు నాకు చెప్పింది. మా స్కూలుకి కూడా చెప్పాల్సి వస్తుందంది. ఇక నువ్వు చెప్పు. బీరువా తాళం నీ జేబులోనే ఉంటుంది కదా?”

వాదిమ్ టోపీ తీసి చేతుల్లో తిప్పాడు.

“నేనే ఇచ్చాను,” అన్నాడు.

“ఇచ్చి ఊరుకున్నావా?”

“మిల్లు వ్యాన్‌లో దింపాను. లోపలికి వెళ్లలేదు. బయటే కూర్చున్నాను.”

“సిగరెట్టు కాలుస్తూ కూర్చున్నాడు,” అంది తల్లి మెల్లగా. కొడుకుని వెనకేసుకొస్తున్నానని అనుకుందో ఏమో. “వణికిపోయాడు పాపం.”

“పాపం,” అంది రిమ్మా.

“రిమ్మా, ఆ రోజు ఎలా ఉందో నీకు తెలీదు. నువ్వు లేవు. పిల్ల కళ్లు తేలేసింది. అమ్మ ఏడుస్తోంది. డాక్టరు చేతులెత్తేశాడు. నాకేం చెయ్యాలో తోచలేదు.”

“తోచకపోవడం సరే. ఏ తల్లికైనా తండ్రికైనా తోచదు. మర్నాడు చెప్పొచ్చుగా? వారం పోయాక చెప్పొచ్చుగా? మూడేళ్లు!”

“చెప్తే నువ్వు ఊరుకోవు.”

“నేను మందు పట్టుకుని గుమ్మంలో అడుగుపెట్టేసరికి దానికి జ్వరం దిగి ఉంది. నువ్వు నా భుజం మీద తల పెట్టి ఏడ్చావు. ‘నువ్వే బతికించావు రిమ్మా’ అన్నావు. మందు సీసా మూత కూడా తియ్యలేదు అప్పటికి. నాకు అప్పుడే వింతగా అనిపించింది. మగవాడు ఏడుస్తున్నాడు కదా, ప్రశ్నలేంటిలే అని ఊరుకున్నాను.” ఆమె గొంతు పెరగలేదు. అదే వాదిమ్‌ని ఎక్కువ భయపెట్టింది. “ఆ ఏడుపైనా నిజమేనా?”

“దేవుడి మీద ఒట్టు, నిజం!”

“ఏ దేవుడు వాదిమ్? నువ్వు కమ్యూనిస్టువి, పార్టీ సభ్యుడివి.”

తల్లి లేచి సూపు గిన్నె దించింది. ఎవరూ తినలేదు. గదిలో పిల్ల తనలో తాను ఏదో పాడుకుంటోంది.

చాలాసేపటికి వాదిమ్ వచ్చి భార్య పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“విను. రేపు పొద్దున్నే నేనే మిల్లు పార్టీ కమిటీ దగ్గరికి వెళ్తాను. వాళ్లు పిలిచేదాకా ఆగను. పాస్‌పోర్టులు నేనిచ్చాను, నా భార్యకి తెలీదు అని చెప్పేస్తాను. మందలిస్తారు, పదోన్నతి ఆపుతారు, అంతేగా? నీ ఉద్యోగం జోలికి ఎవరూ రారు. నేను చేసింది నేనే ఒప్పుకుంటాను. సరేనా?”

రిమ్మా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నమ్మిందో, అలసిపోయిందో ఆమెకే తెలియదు.

“సరే,” అంది.

*

మర్నాడు ఆమె పెద్ద క్లాసుకి పాఠం చెబుతుండగా హెడ్మాస్టరు కబురు పంపాడు.

అర్సేనీ ఫొమీచ్ చెడ్డవాడు కాదు. యుద్ధంలో ఒక చెవి వినికిడి పోయింది. ఎదుటివాళ్లు కుడివైపు కూర్చోవాలని కుర్చీ అటే వేయిస్తాడు. రిమ్మా పాఠం చెప్పే తీరు ఆయనకి ఇష్టం. ఆ రోజు మాత్రం ఆమె కూర్చునేదాకా కాగితాలు సర్దుతూ తల ఎత్తలేదు.

“రిమ్మా పావ్లొవ్నా, కిండర్‌గార్టెన్ వాళ్లు నిన్ననే ఫోన్ చేశారు. అది పెద్ద విషయం కాదు. ముసలమ్మలు ఊళ్లో సగం మంది పిల్లల్ని అలాగే తీసుకెళ్తారు, మనకి తెలియదా? ‘నాకు తెలీదు’ అని మీరు ఒక్క మాట అంటే మూసేద్దామనుకున్నాను.”

“నాకు తెలీదు. నిన్న సాయంత్రమే తెలిసింది.”

ఆయన కళ్లజోడు తీశాడు.

“పొద్దున్న మిల్లు కమిటీ నుంచి ఫోన్ వచ్చింది. మీ ఆయన తనంతట తానే వెళ్లాడట.”

“వెళ్తానన్నారు.”

“వెళ్లి, పాస్‌పోర్టులు మీరే ఇచ్చారని చెప్పాడు.”

రిమ్మాకి మాట సరిగా వినిపించలేదేమో అనిపించింది. వినికిడి లేనిది ఆయనకి కదా, తనకేమైంది?

“ఎవరిచ్చారన్నారు?”

“మీరు. మీ చెల్లెలు ఎవరో చిన్నప్పుడు పోయిందట కదా, ఆ భయంతో మీరే పిల్లకి బాప్తిస్మం చేయించమని అత్తగారిని పంపారని చెప్పాడు. తాను అప్పుడు షిఫ్టులో ఉన్నాడట. ఇన్నేళ్లూ తనకి చెప్పనేలేదట.”

చెల్లెలి మాట ఆమెను కోసింది. నిన్న అత్తగారు అన్నప్పుడు అది నోరు జారిన మాట. ఇవాళ మొగుడు దాన్ని ఆలోచించి, ఏరి, పనికొచ్చేలా తీసుకెళ్లాడు. ఆ చెల్లెలి గురించి పెళ్లికి ముందు వోల్గా ఒడ్డున నడుస్తూ అతనికి చెప్పింది. తను ఇంకెవరికీ చెప్పలేదు; అత్తగారికి కూడా అతని ద్వారానే తెలిసింది.

“అది అబద్ధం, అర్సేనీ ఫొమీచ్.”

“నేను నమ్ముతాను. కానీ నమ్మితే సరిపోదు. దేవుడు లేడని క్లబ్బులో ఉపన్యాసమిచ్చే మనిషి కూతురికి రహస్యంగా బాప్తిస్మం ఇప్పించింది అంటే, మిమ్మల్ని పిల్లల ముందు నిలబెట్టనివ్వరు.”

తలుపు మీద ఎవరో తట్టారు. కోట్లు తగిలించుకునే గది చూసుకునే ఆవిడ తల లోపలికి పెట్టింది.

“ఎవరో ముసలావిడ వచ్చిందండీ. కూర్చోమంటే కూర్చోదు. హెడ్మాస్టరుతోనే మాట్లాడాలట.”

ఉస్తీన్యా తీఖనొవ్నా అప్పటికే ఆవిడ వెనకాల నిలబడి ఉంది. పండగలకి కట్టుకునే తెల్ల రుమాలు తలకి కట్టుకుంది. కరుగుతున్న మంచులో నడిచి వచ్చింది కాబోలు, ఫెల్టు బూట్లు మోకాలిదాకా తడిశాయి. ఆయాసపడుతూనే మొదలుపెట్టింది.

“చేసింది నేను. ఈ అమ్మాయికి ఏమీ తెలీదు. ఊళ్లోనే లేదు. మందు కోసం పోయింది. దీని ఉద్యోగం తీసేస్తే నా ఉసురు తగుల్తుంది మీకు. ఏం చేస్తారో నన్ను చెయ్యండి. పింఛను పీకేసుకోండి, ఊరంతా పేరు చాటించండి. చదువురాని దాన్ని, నాకేం సిగ్గు లేదు.”

నిన్న సాయంత్రం నుంచి రిమ్మాకి ఏడుపు రాలేదు. ఈ తడిసిన ఫెల్టు బూట్లని చూడగానే వచ్చేలా ఉంది. లేచి తన కుర్చీ చూపించింది.

“కూర్చోండమ్మా,” అంది.

ముసలావిడ కూర్చుంది. ఆ పిలుపు విని కోడలి మోచెయ్యి ఒకసారి నొక్కింది.

అర్సేనీ ఫొమీచ్ బల్ల మీదికి వంగాడు. “అమ్మా, మీరు నిజం చెప్పడానికి వచ్చారు, మంచిది. ఒక్కటే అడుగుతాను. పాస్‌పోర్టులు మీ చేతికి ఎవరిచ్చారు?”

ముసలావిడ నోరు తెరిచింది.

“ఆగండి,” అన్నాడాయన. “తెలిసి చెప్పడం మంచిది. మీ అబ్బాయి పొద్దున్న కమిటీ ముందు, ఇచ్చింది రిమ్మా పావ్లొవ్నాయేనని చెప్పాడు. తనకేమీ తెలియదన్నాడు.”

“ఎవరు?”

“మీ అబ్బాయి.”

“మా వాదిమేనా?”

జవాబు అక్కర్లేదని ఆవిడకే అర్థమైంది. ముఖంలో రంగు దిగిపోయింది.

“మీరు కాదంటే, మీ అబ్బాయి పార్టీకి అబద్ధం చెప్పినట్టు,” అన్నాడు హెడ్మాస్టరు. ఆయనకీ ఆ మాట చెప్పడం ఇష్టం లేదు, చెప్పకపోవడమూ ఇష్టం లేదు. “బాప్తిస్మానికైతే మందలింపుతో పోతుంది. అబద్ధానికైతే పార్టీ కార్డు పోతుంది. దాని వెనకే ఉద్యోగం. నేను మిమ్మల్ని ఎటూ లాగడం లేదు. మీరు చెప్పిందే వాళ్లకి చెప్తాను.”

కిటికీ అవతల వోల్గా మీద గడ్డకట్టిన మంచు పగులుతోంది. దూరంగా, ఎవరో బరువైన బీరువాని ఈడుస్తున్నట్టు ఉంది ఆ చప్పుడు.

ఉస్తీన్యా తీఖనొవ్నా కోడలి వైపు చూడలేదు. శిలువ గుర్తు వేసుకోబోయినట్టు కుడిచెయ్యి నుదుటి దాకా ఎత్తింది. అక్కడే ఆపి, రుమాలు సర్దుకున్నట్టు చేసి దించేసింది.

“కోడలే ఇచ్చింది,” అంది.

అర్సేనీ ఫొమీచ్ బల్ల మీంచి వెనక్కి జరిగాడు.

“రిమ్మా పావ్లొవ్నా?” అన్నాడాయన.

“నేనివ్వలేదు. వాళ్లిద్దరూ ఇచ్చానంటున్నారు. నేనొక్కదాన్ని కాదంటున్నాను. మీకేం చెయ్యాలనిపిస్తే అది చెయ్యండి.”

“ఇవాళ మిగతా క్లాసులు ఇంకొకరు తీసుకుంటారు,” అన్నాడాయన కళ్లజోడు తుడుస్తూ. “రేపటి సంగతి... ఫోన్ చేస్తాను.”

*

రిమ్మా కోటు వేసుకుని మెట్లు దిగింది. వెనకాల తడిసిన ఫెల్టు బూట్ల చప్పుడు వస్తూనే ఉంది. కింది మెట్టు దగ్గర ఆగింది.

“వాడు నా కొడుకు, రిమ్మా,” అంది ముసలావిడ వెనక నుంచి.

“తెలుసు.”

“నిజం చెప్పాలనే వచ్చాను. ఈ బూట్లు వేసుకుంటున్నప్పుడు కూడా నిజమే చెప్పాలనుకున్నాను. వాడు అలా అంటాడని నాకేం తెలుసు? నువ్వు చదువుకున్నదానివి, ఇక్కడ కాకపోతే ఇంకోచోట నీకు పని దొరుకుతుంది. వాడికి ఆ మిల్లు తప్ప ఇంకేం చేతకాదు. నువ్వైతే తట్టుకుంటావు.”

“అందరూ అలాగే అనుకున్నారు. నేను తట్టుకుంటానని.”

“దేవుడి దగ్గర ఈ పాపం నేనే మోస్తాను.”

“మోసుకోండి.” రిమ్మా చేతి తొడుగులు వేసుకుంది. ముఖం పొడిగా ఉంది. “నిన్న మీ మీద కోపంతో నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున మాత్రం ఒకటనిపించింది. ఈవిడ నా బిడ్డ కోసం చేసింది, నన్ను మోసం చేసినా దానికి మంచే కోరింది అని. ఆ ఒక్కమాట పట్టుకుని ఇంటికి తిరిగొద్దామనుకున్నాను ఇవాళ.”

“అది నిజమే కదా అమ్మాయ్! నా ఫొతీనియా కోసమే...”

“వద్దు.”

రిమ్మా ఆవిడ వైపు తిరిగింది.

“నా కూతురి పేరు ఇక మీ నోట రాకూడదు, ఉస్తీన్యా తీఖనొవ్నా. నేను పెట్టిందీ రాకూడదు, మీరు పెట్టిందీ రాకూడదు.”

ఇల్లు ఎడమవైపు. రిమ్మా కుడివైపు, కిండర్‌గార్టెన్ ఉన్న వీధిలోకి తిరిగింది. వెనక్కి చూడలేదు. ముసలావిడ ఆ వెంట రెండడుగులు వేసి, పిలవడానికి నోరు తెరిచి, ఎవర్ని ఏమని పిలవాలో తెలియక, మెట్ల ముందు నిలబడిపోయింది.